బాబా, పాపా అన్న ప్రశ్నకు ముందు: కానుకల ఎంపికపై సంవాదం

కానుక కొనేటప్పుడు తేల్చుకోవలసినవి మూడు: ఎవరికి, ఏ సందర్భానికి, ఎంతలో. తెలుగునాట వీటికంటే ముందు నాలుగో ప్రశ్న వచ్చి నిలబడుతుంది: బాబా, పాపా? బొమ్మల దుకాణంలో అమ్మేవారు మొదట అడిగేది అదే. బట్టల దుకాణంలో ఏ అంతస్తుకు వెళ్లాలో తేల్చేదీ అదే. ఆ ఒక్క జవాబుతో రంగు, వస్తువు, కొన్నిసార్లు ధర కూడా తేలిపోతాయి. ఆడా మగా అన్న లెక్క పక్కనపెట్టి, పుచ్చుకునే మనిషిని చూసి కానుక ఎంచాలన్న వాదం కొన్ని దశాబ్దాలుగా బలపడుతోంది. పాత పద్ధతికి తగిన కారణాలు ఉన్నాయన్న వాదమూ గట్టిదే. ఈ సంవాదంలో ఆ రెండు పక్షాలనూ ఒకే ఇంటివాళ్లు ఇద్దరు వినిపిస్తారు. పాత పద్ధతి పక్షాన బాబాయి, విశ్రాంత అధ్యాపకుడు. మార్పు పక్షాన ఆయన అన్నగారి అమ్మాయి, బడిలో టీచరు. చర్చ పుట్టుకతో మొదలై, కానుకలు ఇచ్చిపుచ్చుకునే సందర్భాల వరసలో సాగుతుంది.

సీమంతం, బాలసారె

బాబాయి: పుట్టిన బిడ్డకు ఆడపిల్లయితే ఒకటి, మగపిల్లాడయితే ఒకటి తీసుకెళ్లడం వివక్ష కాదమ్మా, ముచ్చట. పాపకు పట్టుపరికిణీ, బాబుకు చిన్న పంచె కొనడంలో తాతల కాలం నుంచి వస్తున్న సరదా ఉంది. అది తీసేస్తే బాలసారెలో సందడేముంటుంది?

అమ్మాయి: సందడి ఎక్కడికీ పోదు బాబాయ్. అసలు మన పురిటి ఆచారాల్లోనే ఈ తేడా తక్కువ. మొలతాడు, నల్లపూసలు, వెండి మురుగులు, కాటుక, బుగ్గన దిష్టిచుక్క ఎవరికైనా ఒకటే. ఉయ్యాల ఒకటే, గిలక్కాయ ఒకటే. పుట్టువెంట్రుకలు తీయించకముందు మగపిల్లాడికి జడేసి, పూలు పెట్టి, గౌను తొడిగి ఫొటో తీయించిన ఇళ్లు మన బంధువుల్లోనే ఎన్నో. గులాబీ పాపకు, నీలం బాబుకు అన్న లెక్క మన అమ్మమ్మలది కాదు.

బాబాయి: బయటినుంచి వచ్చినంత మాత్రాన తప్పవుతుందా? ఎక్కడో ఒకచోట నాటుకున్న అలవాటే కదా.

అమ్మాయి: నాటుకున్నచోట కూడా అది నిలకడగా లేదు. అమెరికాలో 1918లో పిల్లల బట్టల వ్యాపార పత్రిక ఒకటి, గులాబీ గట్టి రంగు కాబట్టి మగపిల్లలకు, నీలం సుకుమారం కాబట్టి ఆడపిల్లలకు తొడగాలని సలహా ఇచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో అది పూర్తిగా తిరగబడింది. జో పావొలెట్టి అనే చరిత్రకారిణి 2012లో వెలువరించిన పుస్తకంలో ఈ మార్పునంతా వివరించారు. పుట్టబోయేది ఎవరో ముందే తెలిపే పరీక్షలు వచ్చాక ఈ రంగుల విభజన మరీ బిగుసుకుందని కూడా ఆమె చెప్పారు. మన దేశంలో 1994 చట్టం ప్రకారం గర్భంలో ఉన్నది ఆడా మగా అన్నది చెప్పకూడదు. కాబట్టి సీమంతానికి తీసుకెళ్లే పొత్తిగుడ్డలు, దుప్పట్లు ఎలాగూ ఇద్దరికీ పనికొచ్చేవే కావాలి. ప్రసవానికి ముందు ఇబ్బంది లేని పద్ధతి ప్రసవం తర్వాత ఎందుకు చేదవుతుంది?

బాబాయి: అయితే ప్రభుత్వం సంగతి చెప్పు. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్ పథకంలో మగబిడ్డ పుడితే 12,000 రూపాయలు, ఆడబిడ్డ పుడితే 13,000 ఇస్తామన్నారు. అక్కడ తేడా పెట్టలేదా?

అమ్మాయి: డబ్బులో పెట్టారు, కిట్‌లో పెట్టలేదు. సబ్బు, నూనె, దోమతెర, బిడ్డ బట్టలు ఎవరికైనా అవే. ఆడపిల్ల పుట్టిందంటే మొహాలు చిన్నబుచ్చుకునే ఇళ్లు ఉన్నాయి కాబట్టి ఆ అదనపు వెయ్యి.

బాబాయి: అంటే తేడాలన్నీ చెడ్డవి కావన్నమాట. నీ వాదానికి ఈ సవరణ అవసరం తల్లీ. లోటు పూడ్చే తేడా వేరు, హద్దు గీసే తేడా వేరు.

అమ్మాయి: ఒప్పుకుంటున్నాను బాబాయ్. మిగతా విషయాలనూ ఆ గీటురాయి మీదే చూద్దాం.

ఆటబొమ్మలు

బాబాయి: పిల్లల ఇష్టాలు పెద్దవాళ్లు రుద్దినవేనంటే నేను నమ్మను. 2002లో అలెగ్జాండర్, హైన్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వెర్వెట్ కోతుల ముందు బొమ్మలు పెట్టి చూశారు. మగ కోతులు బంతి, కారు దగ్గర, ఆడ కోతులు పాప బొమ్మ, వంటగిన్నె దగ్గర ఎక్కువ సేపు గడిపాయి. వాటికి ఏ దుకాణమూ, ఏ ప్రకటనా తెలియదు కదా. పిల్లల మీద జరిగిన అధ్యయనాలను కలిపి చూసిన 2017 నాటి సమీక్షలోనూ ఇలాంటి తేడాయే కనిపించింది.

అమ్మాయి: సగటున తేడా ఉందన్నది నిజమే. కానీ కానుక సగటుకు ఇవ్వం, ఎదురుగా ఉన్న బిడ్డకు ఇస్తాం. సగటు ఎత్తు చూసి చొక్కా కుట్టించం కదా. మీరు చెప్పిన కోతుల పరిశోధనలోనే బొమ్మల పుస్తకం, కుక్కబొమ్మ దగ్గర ఆడ మగ తేడా కనిపించలేదు. ఇద్దరూ ఇష్టపడే వస్తువులు ఉన్నాయన్నమాట. ఇంకో సంగతి, బ్లేక్‌మోర్, సెంటర్స్ అనే పరిశోధకులు 2005లో బొమ్మలు నేర్పే గుణాలను పరిశీలించారు. ఆడపిల్లలవని గట్టిగా ముద్రపడ్డవి అలంకరణ చుట్టూ, లాలన చుట్టూ తిరిగాయి. మగపిల్లలవని గట్టిగా ముద్రపడ్డవి పోటీ చుట్టూ, హింస చుట్టూ తిరిగాయి. తెలివికి, చేతి నేర్పుకు ఎక్కువ తోడ్పడేవి ఏ ముద్రా అంత గట్టిగా లేని బొమ్మలేనని తేలింది. ముద్ర ఎంత బలమైతే నేర్చుకునేది అంత తగ్గుతోంది.

బాబాయి: మరి తయారుచేసేవాళ్లు విడివిడిగా ఎందుకు చేస్తున్నారు? కొనేవాళ్లు అడగబట్టే.

అమ్మాయి: వ్యాపార లాభం కూడా ఉంది బాబాయ్. ఒకే సైకిలు రెండు రంగుల్లో వస్తే అక్క తొక్కి వదిలేసింది తమ్ముడు ఎక్కనంటాడు, మళ్లీ కొనాలి. న్యూయార్క్ నగర వినియోగదారుల వ్యవహారాల విభాగం 2015లో దాదాపు 800 వస్తువుల ధరలు పోల్చింది. బొమ్మలు, వాటి అనుబంధ వస్తువుల్లో ఆడపిల్లలకని అమ్మేవి సగటున 7 శాతం ఎక్కువ ధర పలికాయి. అయితే మార్పూ మొదలైంది. తమ బొమ్మల్లో ఆడ మగ మూసలను తొలగించే దిశగా పనిచేస్తామని లెగో సంస్థ 2021లో ప్రకటించింది. కాలిఫోర్నియాలో 500 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న పెద్ద దుకాణాలు, ఆడ మగ విభజన లేని బొమ్మల విభాగం ఒకటి తప్పక పెట్టాలన్న చట్టం 2024 జనవరి 1 నుంచి అమల్లో ఉంది.

బాబాయి: మన ఊళ్లకు అన్ని చట్టాలు అక్కర్లేదు. మనకు లక్కపిడతలున్నాయి, అవి ఆడపిల్లల ఆటే. బొంగరం మగపిల్లలది.

అమ్మాయి: రెండూ పుట్టేది ఒకే చేతిలో. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకలో, అంకుడు కర్రను తరిణ పట్టి, లక్క రంగు ఎక్కించి చేస్తారు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. బొంగరం తిప్పడంలో చేతికి, కంటికి పొత్తు కుదురుతుంది. లక్కపిడతల ఆటలో వరస, కొలత, నలుగురికీ పంచిపెట్టడం అలవడతాయి. వీటిలో ఏది ఒక్కరికే కావాలి? మన పురాణాల్లో వంటలో మేటి అంటే నలుడు, భీముడు. పెళ్లి వంటల్లో గాడిపొయ్యి దగ్గర నిలబడేదీ ఎక్కువగా మగవాళ్లే. అబ్బాయికి లక్కపిడతలు ఇస్తే మన సంప్రదాయానికి జరిగే నష్టమేమీ లేదు.

బాబాయి: అబ్బాయి తండ్రికి నచ్చకపోతే? కానుక ఇవ్వడానికి వెళ్లి ఇంట్లో గొడవ పెట్టి రాకూడదు.

అమ్మాయి: అందుకు సులువైన దారి ఉంది. కొండపల్లి బొమ్మలు, కట్టడపు దిమ్మెలు, రంగుపెన్సిళ్లు, బంతి, కథల పుస్తకాలు తీసుకెళ్తే ఎవరూ ఆక్షేపించరు. దుకాణంలో ‘బాబా, పాపా’ అంటే ‘నాలుగేళ్లు, మట్టిలో ఆడటం ఇష్టం’ అని చెబితే చాలు. నిజంగా పట్టించుకోవలసింది వయసునే. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. మూడేళ్లలోపు పిల్లలకు నోట్లో పెట్టుకుంటే ఊడివచ్చే చిన్న ముక్కలున్న బొమ్మలు ప్రమాదం. ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా ఆ ప్రమాదం ఒకటే.

చదువుకునే వయసు

బాబాయి: ఇక్కడ మాత్రం ఆడపిల్లలకని వేరే కానుకలు ఎంత మేలు చేశాయో చూడు. బీహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిలు పథకం పెట్టింది. కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు దాన్ని పరిశీలిస్తే, ఆ వయసు ఆడపిల్లల హైస్కూలు చేరికలు 32 శాతం పెరిగాయి. ఆడపిల్లలకూ మగపిల్లలకూ చేరికల్లో ఉన్న అంతరం 40 శాతం తగ్గింది. అందరికీ ఒకటే అన్న నీ లెక్కలో ఇది పడుతుందా?

అమ్మాయి: మీరు మొదట చెప్పిన గీటురాయి మీద నిలుస్తుంది. బడి దూరం, తోడు లేదు, అందుకే చదువు ఆగిపోతోంది. సైకిలు ఆ లోటు పూడ్చింది. ఆ పథకాన్ని తర్వాత మగపిల్లలకూ విస్తరించారు. ఆడపిల్లకని ఇచ్చిన ఆ వస్తువు ఏమిటో గమనించండి. ఆమెను గుమ్మం దాటించేది. మన ఇళ్లలో ఓణీల వేడుకకు అమ్మాయికి చీర, నగ, అలంకరణ సామాను వస్తాయి. అదే వయసు అబ్బాయికి వాచీ, సైకిలు, క్రికెట్ బ్యాటు, ఫోను వస్తాయి. ఖర్చు సమానమే కావచ్చు. కానీ ఒకరికి వచ్చినవి బీరువాలో ఉంటాయి, ఇంకొకరికి వచ్చినవి బయట తిరుగుతాయి.

బాబాయి: నగ బీరువాలో ఉన్నా కష్టకాలంలో అక్కరకొస్తుంది. అది ఆస్తి.

అమ్మాయి: ఆస్తిగా ఇస్తే మంచిదే. పదేళ్లలోపు అమ్మాయి పేరిట సుకన్య సమృద్ధి ఖాతా, అబ్బాయి పేరిట పోస్టాఫీసు పొదుపు ఖాతా తెరిస్తే ఇద్దరికీ చదువు నాటికి అందుతుంది. నగ ఇవ్వవద్దనడం లేదు. నగతో పాటు ఆమె చేతికి పని చెప్పే వస్తువు ఒకటి ఉండాలి. చదరంగం బల్ల, బైనాక్యులర్స్, మంచి నిఘంటువు, రాజమహేంద్రవరంలో చేసే రత్నం పెన్ను, ఈత నేర్చుకోవడానికి కట్టే ఫీజు, ఇవన్నీ ఎవరికైనా సరిపోతాయి. కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టరైంది. ద్రోణవల్లి హారిక కూడా గ్రాండ్‌మాస్టరే. వీళ్లను చూసిన తెలుగువాళ్లు చదరంగం బల్లను అబ్బాయిల కానుకగా ఎలా లెక్కవేస్తారు?

పెళ్లి, సారె

బాబాయి: పెళ్లికి వచ్చాం. ఇక్కడ కానుకలు ఇద్దరికీ విడిగా ఉండటం ఆచారమే కాదు, చట్టమూ అదే చెబుతోంది. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద 1985లో వచ్చిన నియమాల ప్రకారం, వధువుకు వచ్చిన కానుకల జాబితా వేరుగా, వరుడికి వచ్చినవాటి జాబితా వేరుగా రాసిపెట్టాలి.

అమ్మాయి: ఆ రెండు జాబితాలు ఎవరి సొత్తు ఎవరిదో తేల్చడానికి. వధువు సొత్తు మీద ఇంకెవరూ చేయి వేయకుండా కాపాడటానికి. ఎవరికి ఏ వస్తువు ఇవ్వాలో చట్టం చెప్పలేదు. కుక్కరు, మిక్సీ, గిన్నెల సెట్టు వధువు వైపు చదివించడం, వాచీ, సూటు గుడ్డ వరుడి వైపు చదివించడం మనం పెట్టుకున్నవే. వాటితో పాటు వంటిల్లు ఎవరిదో కూడా పెళ్లిపందిట్లోనే నలుగురి ముందూ చదివేస్తున్నాం.

బాబాయి: ఒక్క కుక్కరుకు అంత అర్థం ఉందంటావా?

అమ్మాయి: ఒక్కదానికి లేదు. వరసగా ఇరవై వచ్చినప్పుడు ఉంది. 2019 జాతీయ సమయ వినియోగ సర్వేలో, ఇంటి పనులు చేసే ఆడవాళ్లు వాటి మీద రోజుకు సగటున 299 నిమిషాలు గడిపితే, చేసే మగవాళ్లు 97 నిమిషాలు గడిపారు. ఆ పనులు చేసేవాళ్లు ఆడవాళ్లలో నూటికి 81 మంది, మగవాళ్లలో 26 మంది. కుక్కరు ఇవ్వడం మానక్కర్లేదు. చీటీ మీద ఇద్దరి పేర్లూ రాసి ఇస్తే సరిపోతుంది. ఇద్దరూ కలిసి వాడుకునే పోచంపల్లి దుప్పట్లు, ప్రయాణపు పెట్టెలు, నగదు, పుస్తకాల బీరువా అంతకంటే మంచివి.

బాబాయి: సారె సంగతేంటి? చీర, పసుపు కుంకుమ, చలిమిడి, తెలంగాణలో వడిబియ్యం. ఇవి ఆడపడుచుకే ఇస్తాం. పుట్టింట్లో ఆమెకు చోటు ఉందని చెప్పే కానుకలివి. వీటిని అందరికీ ఒకటే అని ఎలా అంటావు?

అమ్మాయి: అనను. సారెలో పుచ్చుకునే మనిషి ఎవరో, ఎందుకో స్పష్టంగా ఉంది. ఆమెను వెతుక్కుంటూ వెళ్లే కానుక అది. నేను కోరేది ఒక్కటే, సారె వాటాకు బదులు కాకూడదు. హిందూ వారసత్వ చట్టానికి ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణ, ఆ తర్వాత 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతురికి హక్కు ఇచ్చాయి. చీర పెట్టి సంతకం పెట్టించుకునే చోట చీర కానుక కాదు, వెల.

బాబాయి: ఆ మాట నిజం. అది కానుకకే అవమానం.

పేరంటాలు, స్నేహితులు, పెద్దలు

అమ్మాయి: ఇప్పుడు నేను అడుగుతాను బాబాయ్. గృహప్రవేశానికి వచ్చిన ఆడవాళ్లకు జాకెట్టు ముక్క, పసుపు కుంకుమ పెట్టి పంపుతాం. భర్త పోయిన అత్తయ్య వస్తే ఏం ఇస్తాం?

బాబాయి: పండో స్వీటో చేతిలో పెడతాం. ఒక్కోసారి ఆమే ముందుగా పక్కకు తప్పుకుంటుంది. అది చూసి బాధపడ్డవాణ్నే నేనూ.

అమ్మాయి: ఆడవాళ్లకని పెట్టిన కానుక ఆడవాళ్లలోనే కొందరిని వెలివేస్తోంది. వచ్చిన ప్రతివాళ్లకూ, ఆడా మగా, పెళ్లయినవాళ్లూ కానివాళ్లూ అన్న లెక్క లేకుండా ఒకే సంచి ఇస్తే ఆ బాధ ఉండదు. చిన్న పెంబర్తి ఇత్తడి దీపం, ఒక మొక్క, ఆత్రేయపురం పూతరేకుల పొట్లం, చేనేత తువ్వాలు ఏదైనా సరే.

బాబాయి: ఈ ఒక్క చోట నా పక్షం నిలవదు. వదిలేస్తున్నాను. కానీ స్నేహితుల కానుకల్లో నాకో భయం ఉంది. ఆడా మగా తేడా వద్దనుకున్నవాళ్లు చివరికి గోడ గడియారం, ఫొటో ఫ్రేము, కాఫీ కప్పు దగ్గర ఆగిపోతారు. ఎవరికైనా ఇవ్వగలిగిన వస్తువు ఎవరికీ గుర్తుండదు.

అమ్మాయి: న్యాయమైన భయమే. ఆడా మగా అన్న లెక్క తీసేసి ఆ చోటును ఖాళీగా వదిలేస్తే జరిగేది అదే. ఆ చోట మనిషి గురించిన ఎరుక రావాలి. పొద్దున్నే నడిచే స్నేహితుడికి మంచి చెప్పులు, తోట పెంచే స్నేహితురాలికి కత్తెర, విత్తనాలు, కళ్లు మసకబారిన తాతగారికి, నాయనమ్మకు పెద్దక్షరాల పుస్తకం, రేడియో. వీటిలో ఏదీ పేలవమైన కానుక కాదు. పైగా ఆడవాళ్లవి, మగవాళ్లవి అన్న ముద్రలు శాశ్వతం కావు. ఒకప్పుడు యూరప్‌లో చేతి గడియారం ఆడవాళ్ల ఆభరణం, మగవాళ్లు జేబు గడియారం వాడేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు చేతికి కట్టుకున్నాక అది మగవాళ్ల అలవాటైంది. లేడీస్ సైకిలని మనం పిలిచే దానికి అడ్డకడ్డీ కిందకు వంచింది లంగా, చీర అడ్డుపడకుండా. పంచె కట్టే రైతుకూ, మోకాళ్ల నొప్పులున్న పెద్దాయనకూ ఆ సైకిలే సుఖం.

బాబాయి: ఒంటికి తగ్గవి మాత్రం వేరుగానే ఉంటాయి. బట్టల కొలతలు, లోదుస్తులు, సౌందర్య సాధనాలు.

అమ్మాయి: అవి ఒంటి కొలతలు కాబట్టి ఒంటిని చూసి కొనాలి. కోరుకున్నవాళ్లకు వాళ్లు కోరుకున్నదే ఇవ్వాలి. గులాబీ గౌను అడిగిన పాపకు గులాబీ గౌనే కొనాలి, బూడిదరంగు కొంటే అదీ బలవంతమే. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు తమ లింగాన్ని తామే నిర్ణయించుకునే హక్కును 2014లో సుప్రీంకోర్టు గుర్తించింది. ట్రాన్స్ మహిళ అయిన స్నేహితురాలికి చీర పెట్టడం ఆమె గౌరవాన్ని ఒప్పుకోవడం. అక్కడ చీరకు మించిన కానుక ఉండకపోవచ్చు.

తేలినవి

రెండు పక్షాలూ కలిసిన చోట్లు నాలుగు.

మొదటిది, శిశువులకూ చిన్నపిల్లలకూ ఇచ్చే బొమ్మలు, దుప్పట్లు, పుస్తకాల్లో ఆడ మగ విభజన అక్కర్లేదు. వయసు, భద్రత, ఆ బిడ్డ ఇష్టం చూసుకుంటే చాలు.

రెండోది, తేడా పెట్టవలసిన చోట్లు ఉన్నాయి. లోటు పూడ్చడానికి, ఒంటి కొలతకు, ఆచారంలో ఒక మనిషిని ప్రత్యేకంగా గౌరవించడానికి, పుచ్చుకునేవారే కోరినప్పుడు తేడా సబబే. ఒకరిని వంటింటికి, ఇంకొకరిని వీధికి కేటాయించే తేడా, పేరంటంలో ఒకరిని పక్కన నిలబెట్టే తేడా సబబు కాదు.

మూడోది, సందేహం వచ్చినప్పుడు వేసుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఇదే వయసు, ఇదే ఆసక్తి ఉన్న అన్నకో చెల్లికో అయితే ఈ వస్తువే కొంటామా? కొనమంటే, ఎందుకు కొనమో కారణం చెప్పగలగాలి. అలవాటు తప్ప వేరే కారణం దొరకకపోతే ఎంపిక మార్చుకోవాలి.

నాలుగోది, లింగాన్ని లెక్కలోంచి తీసేయడంతో పని పూర్తి కాదు. పుచ్చుకునే మనిషి రోజు ఎలా గడుస్తుందో, దేనికోసం ఎదురుచూస్తున్నారో తెలుసుకోవాలి. తెలియకపోతే అడగాలి, అడగడం చిన్నతనం కాదు.

ఈసారి దుకాణంలో ‘బాబా, పాపా’ అన్న ప్రశ్న ఎదురైతే, ఆ బిడ్డ వయసు, ఆ బిడ్డ ఇష్టపడే ఆట ముందుగా చెప్పండి. పెళ్లి కానుక మీద చీటీ రాసేటప్పుడు రెండు పేర్లూ రాయండి.